కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్: వృత్తి, విద్య, బాధ్యత



తెలుగు బోధించే అధ్యాపకుడు కంప్యూటర్ల వృత్తిని గూర్చి వ్యాసం వ్రాయబూనడం మీలో కొందరికి వింతగా తోచవచ్చు. ఈ విషయంపై నాకు ఆసక్తి కలిగించినది ఏ గ్రంథమో కాదు. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. ఆ ప్రశ్న పుట్టిన చోటు టైడా రైల్వే స్టేషన్.

కొన్నేళ్ల క్రిందట విద్యార్థులతో కలిసి అరకులోయ చూచి రైలులో తిరిగి వస్తున్నాము. ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండికి దారి ఇవ్వడం కోసం మా బండిని టైడాలో నిలిపివేశారు. చుట్టూ అడవి, కొండ, సన్నని వాన. మా బృందంలో ఒక కుర్రవానికి ఆ రోజు సాయంత్రం 6 గంటలతో కౌన్సెలింగు గడువు ముగుస్తుంది. ఏ కళాశాల కావాలో తన ఫోను ద్వారా తెలుపుకోవాలి. ఫోనులో సంకేతం లేదు. ప్లాట్‌ఫారం ఈ చివరనుండి ఆ చివరకు పరుగెత్తాడు. ఎత్తైన బల్ల ఎక్కి చేయి పైకెత్తి చూశాడు. ఫలితం లేకపోయింది. చివరకు స్టేషన్ మాస్టరుగారి గదివద్దకు వెళ్లాడు. లోపల ఆయన ముందున్న రైల్వే ఫోను చక్కగా మ్రోగుతున్నది. ఆయన పై స్టేషనువారితో మాట్లాడుతున్నారు. కుర్రవాని గోడు విని ఆయన బాధపడ్డారు గాని, "బాబూ, ఇది రైళ్ల కోసమే ఉన్న ఫోను. దీంతో నీ పని జరగదు" అన్నారు.

మా బండి కొండ దిగి ఫోనుకు ప్రాణం వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఆ విడతలో అతనికి సీటు దక్కలేదు. తరువాతి విడతలో దూరపు ఊరి కళాశాలలో చేరవలసి వచ్చింది. హాస్టలు ఖర్చు ఆ ఇంటికి భారమైంది. ఆ రాత్రి బండిలో అతడు నన్నడిగిన మాట ఇది: "సార్, స్టేషన్ మాస్టరుగారి ఫోను పలుకుతోంది. అంటే తీగ అక్కడిదాకా వచ్చింది. మరి నా దాకా ఎందుకు రాలేదు? అది ఎవరు నిర్ణయిస్తారు?"

ఆనాడు నావద్ద జవాబు లేదు. తెలిసినవారిని అడిగి, చదివి, తెలుసుకున్నంతలో ఇప్పుడు చెబుతున్నాను. ఆ నిర్ణయంలో ధనం వెచ్చించే ప్రభుత్వాలకు, సంస్థలకు పాలున్నది. అయితే ఏ తీగ ఏ దారిన పోవాలి, ఎక్కడ ఆగాలి, తెగితే ఏమి కావాలి అని ముందుగా ఆలోచించి పటం గీసి, వారి ముందుంచే వ్యక్తి ఒకడున్నాడు. అతనినే కంప్యూటర్ నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ అంటారు.

వృత్తి స్వరూపం

ఆర్కిటెక్ట్ అనగా వాస్తుశిల్పి. ఉర్దూలో మేమార్ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక పేర్చేవాడు వేరు, కట్టిన ఇంటిని కనిపెట్టుకొని ఉండేవాడు వేరు, గదులెక్కడో కిటికీలెక్కడో ముందుగా నిర్ణయించేవాడు వేరు. కంప్యూటర్ల అనుసంధానంలోనూ ఇట్టి విభజనే ఉన్నది. పరికరాలను అమర్చి సరిచేసేవాడు నెట్‌వర్క్ ఇంజినీరు. నిత్యం అవి సక్రమంగా నడుస్తున్నవో లేదో చూచేవాడు అడ్మినిస్ట్రేటరు. వీరందరి పనికీ ఆధారమైన పటాన్ని రచించేవాడు ఆర్కిటెక్ట్.

ఒక బ్యాంకుకు వందలాది శాఖలుంటాయి. ఒక ఆసుపత్రిలో రోగుల వివరాలు పలు విభాగాల మధ్య తిరుగుతుంటాయి. ఒక విశ్వవిద్యాలయంలో వేలాది విద్యార్థులు ఏకకాలంలో పాఠాలు చూస్తుంటారు. వీటిలో ఏ కంప్యూటరు దేనితో మాట్లాడాలి, ఏది దేనితో మాట్లాడరాదు, ఎంత సమాచారం ఒక్కసారి ప్రవహిస్తుంది, మూడేళ్ల తరువాత అది ఎంత పెరుగుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే లెక్కలన్నీ అతనివే. అతని పనిలో అధిక భాగం చూడటం, అడగడం, లెక్కించడం, వ్రాయడం. పరికరాన్ని చేతబట్టేది ఆ తరువాతనే.

కొండదారి చెప్పే పాఠం

ఈ విద్యలోని మూలసూత్రాన్ని గ్రహించడానికి టైడా మీదుగా పోయే రైలుమార్గం కంటె మంచి పాఠ్యపుస్తకం మనకు దొరకదు. కొత్తవలస నుండి కిరండూల్ వరకు సాగే ఈ మార్గాన్ని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికై 1960 దశకంలో నిర్మించారు. ఈ దారిలో 58 సొరంగాలున్నాయి. శృంగవరపుకోట, బొడ్డవర, శివలింగపురం దాటి టైడా చేరేసరికి బండి కొండ ఎక్కుతూ ఉంటుంది. ఆపైన చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు.

వర్షకాలంలో ఈ ఘాట్‌లో బండరాళ్లు జారిపడి దారి మూతపడిన సందర్భాలున్నాయి. అప్పుడు జగదల్‌పూర్, కిరండూల్ పోవలసిన బండ్లు ఏమి కావాలి? పూర్వమైతే నిలిచిపోవలసినదే. 1990 దశకంలో కోరాపుట్ - రాయగడ మార్గం పూర్తయిన పిమ్మట మరొక త్రోవ ఏర్పడింది. విశాఖ నుండి విజయనగరం, పార్వతీపురం, రాయగడల మీదుగా కోరాపుట్ చేరవచ్చు. పటంలో చూడండి: కొత్తవలస, టైడా, అరకు, కోరాపుట్, రాయగడ, విజయనగరం, మరల కొత్తవలస. ఇది ఒక వలయం. వలయంలో ఏ ఒక్కచోట తెగినా ప్రతి స్టేషనుకూ రెండవ వైపునుండి దారి మిగిలి ఉంటుంది. టైడాకు ఎగువన రాయి పడితే దిగువనుండి చేరవచ్చు. దిగువన పడితే చుట్టూ తిరిగి ఎగువనుండి చేరవచ్చు.

నెట్‌వర్క్ ఆర్కిటెక్ట్ మొట్టమొదట నేర్చే పాఠమిదే. ప్రతి తీగా ఒకనాడు తెగుతుంది, ప్రతి పరికరమూ ఒకనాడు చెడుతుంది అని నమ్మి అతడు పని మొదలుపెడతాడు. తెగకుండా కాపాడటం ఒక యెత్తు. తెగిన నాడు కూడా పని సాగేటట్లు చూడటం మరొక యెత్తు. రెండవదే అతని విద్య.

ఈ మార్గం నేర్పే పాఠం ఇంకొకటున్నది. బండి టైడా మీదుగా పోయినంత మాత్రాన టైడావారికి లాభం లేదు, అక్కడ ఆగాలి. సమాచార తీగ కూడా అంతే. గాజుతీగ అనేక గ్రామాల ప్రక్కనుండే పోతూ ఉండవచ్చు. దానిని ఎక్కడ విప్పి, ఏ పరికరం పెట్టి, ఏ ఊరికి అందించాలో ముందుగా నిర్ణయించకపోతే ఆ తీగ ఎక్స్‌ప్రెస్ బండి వలె ఆగకుండా సాగిపోతుంది. నా విద్యార్థి ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ ఉన్నది.

రెండు దారుల గణితం

దీనిని కొంచెం లెక్కతో చూద్దాము. ఒక తీగ నూటికి 99 పాళ్లు కాలం చక్కగా పనిచేస్తుందనుకోండి. వినడానికి బాగున్నది. కాని సంవత్సరానికి 365 రోజులు గనుక, అందులో నూటికి ఒక పాలు అంటే మూడున్నర రోజులకు పైగా ఆ తీగ పనిచేయదు. ఆ మూడు రోజులలో ఒకటి మీ దరఖాస్తు గడువు రోజు కావచ్చు.

ఇప్పుడు అట్టిదే రెండవ తీగ వేశామనుకోండి. రెండూ ఒకేసారి చెడే అవకాశం నూరింట ఒకటిలో మరల నూరింట ఒకటి, అనగా పదివేలలో ఒకటి. సంవత్సరానికి సుమారు 53 నిమిషాలు. మూడు రోజులు గంటలోపుకు తగ్గిపోయినవి.

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉన్నది. రెండు తీగలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా చెడాలి. రెండింటినీ ఒకే స్తంభాలపై కట్టితే స్తంభం కూలినప్పుడు రెండూ పోతాయి. రెండింటినీ ఒకే సొరంగంలో నడిపితే సొరంగం మూసుకుపోయినప్పుడు రెండూ పోతాయి. కాగితంపై రెండుగా ఉన్నవి నేలమీద ఒకటే. వేరు వేరు సంస్థలనుండి రెండు తీగలు కొని నిశ్చింతగా ఉన్న కార్యాలయాలు, ఆ రెండూ ఒకే కందకంలో ఉన్నాయని తెగిన తరువాత తెలుసుకోవడం ఈ రంగంలో తరచు వినే ముచ్చట. కనుక మంచి ఆర్కిటెక్ట్ పటం చూచి తృప్తిపడడు. నడిచి వెళ్లి నేలను చూస్తాడు.

వలయం తెచ్చే చిక్కు

వలయం మేలు చేస్తుంది గాని ఒక చిక్కును కూడా తెస్తుంది. కంప్యూటర్లు పంపే సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి ప్రయాణిస్తుంది. ఈ పద్ధతిని 1960 దశకంలో అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ వేరువేరుగా ఊహించారు. దారి గుండ్రంగా ఉంటే, కొన్ని పొట్లాలు గమ్యం చేరక ఆ వలయంలోనే తిరిగి తిరిగి, క్రొత్తవాటికి చోటు లేకుండా చేస్తాయి. గానుగ చుట్టూ తిరిగే ఎద్దుకు ఊరు రాదు గదా!

1985లో రేడియా పెర్ల్‌మన్ అనే విదుషీమణి ఈ చిక్కుకు పరిష్కారం కనుగొన్నారు. ఆమె రూపొందించిన పద్ధతిలో పరికరాలు తమలో తాము సంప్రదించుకొని, వలయంలోని ఒక భాగాన్ని తాత్కాలికంగా మూసి ఉంచుతాయి. ఎక్కడైనా దారి తెగితే మూసిన భాగాన్ని అవే తెరుస్తాయి. ఇంకొక ఉపాయం కూడా ఉన్నది. ప్రతి పొట్లంపై ఒక సంఖ్య వ్రాసి ఉంటుంది. ఒక్కొక్క కూడలి దాటినప్పుడల్లా అది ఒకటి చొప్పున తగ్గి, సున్న అయినప్పుడు ఆ పొట్లాన్ని పారవేస్తారు.

చిరునామాల ఏర్పాటు కూడా ఆర్కిటెక్టు బాధ్యతే. 1972 ఆగస్టు 15న మన దేశంలో పిన్ కోడ్ ప్రవేశపెట్టారు. మొదటి అంకె చూచి ఏ ప్రాంతమో, తరువాతి అంకెలు చూచి ఏ జిల్లా యో, చివరి అంకెలు చూచి ఏ తపాలా కార్యాలయమో తెలుసుకుంటారు. ఢిల్లీలో ఉత్తరాలు వేరుచేసేవానికి మన వీథి పేరు తెలియనక్కరలేదు. కంప్యూటర్ల చిరునామాలను కూడా ఇట్లే అంచెలంచెలుగా పంచితే ప్రతి కూడలిలోని పరికరానికి పని తేలికవుతుంది. ఇష్టం వచ్చినట్లు పంచితే నాలుగేళ్లకు ఎవరికీ అంతుపట్టని గందరగోళమవుతుంది.

వేరువేరు రకాల నెట్‌వర్కులు పరస్పరం మాట్లాడుకొనే నియమావళిని వింట్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించారు. 1983 జనవరి 1 నుండి అమెరికాలోని ఆర్పానెట్ ఆ నియమాలకు మారింది. మన దేశంలో 1986లో ఎర్నెట్ అనే విద్యా పరిశోధనల నెట్‌వర్క్ ఆరంభమైంది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అంతర్జాలం సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఈ కట్టడం వయస్సు ఒక మనిషి ఆయుస్సు కంటె తక్కువ. ఇందులో కట్టవలసినది ఇంకా ఎంతో ఉన్నది.

నేల ఎరిగిన నిర్ణయం

ఈ వృత్తిలో అన్ని చోట్లకూ చెల్లే ఒకే సమాధానం లేదు. మన రాష్ట్రంలో జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే ఇది బోధపడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంగల గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటింది. చెట్లు, విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. విద్యుత్తు లేదు గనుక ఫోను టవర్లు మూగబోయాయి. రోజుల తరబడి తల్లిదండ్రుల క్షేమం బిడ్డలకు, బిడ్డల క్షేమం తల్లిదండ్రులకు తెలియలేదు. ఆ తరువాత విశాఖ నగరంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో విద్యుత్ తీగలను భూగర్భంలో వేసే పని చేపట్టారు.

రెండవ సంగతి ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించారు. ఇందులో గాజుతీగలను చాలవరకు భూమిలో పాతక, అప్పటికే ఉన్న విద్యుత్ స్తంభాల మీదుగానే వేల కిలోమీటర్ల మేర లాగారు. కందకం త్రవ్వే ఖర్చు, కాలం మిగిలాయి.

ఒకచోట స్తంభాలనుండి భూమిలోనికి, మరొకచోట భూమిని వదలి స్తంభాలమీదికి. ఏది సరైనది? రెండూ తమ తమ లెక్కలలో సరైనవే. భూమిలో వేస్తే గాలికి భయం లేదు. కాని ఖర్చు ఎక్కువ, రాతినేలలో మరీ ఎక్కువ, రోడ్డు విస్తరించేటప్పుడు యంత్రాలు తెంపే ప్రమాదమున్నది. స్తంభాలపై వేస్తే త్వరగా, చౌకగా మారుమూల గ్రామానికి చేరుతుంది. కాని గాలికి, కూలే చెట్లకు లోబడి ఉంటుంది. ఎక్కడ ఏది త్యాగం చేయాలో తెలిసి, ఆ సంగతిని దాచక ధనమిచ్చేవారికి చెప్పడమే ఆర్కిటెక్టు ధర్మం.

కొండలలో మరొక మార్గం ఉపగ్రహం. దీనికి తీగ అక్కరలేదు. అయితే భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మాట పైకి పోయి క్రిందికి రావాలంటే 72,000 కిలోమీటర్లు. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు గనుక దాదాపు పావు సెకను పడుతుంది. జవాబు రావడానికి మరొక పావు సెకను. పాఠం చూడటానికి ఇది అడ్డు కాదు. సంభాషణకు మాత్రం చికాకు కలిగిస్తుంది. గాజుతీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. అయినను దూరం తక్కువ కాబట్టి 2,000 కిలోమీటర్లకు సెకనులో నూరవ వంతు చాలు. ఈపాటి భౌతికశాస్త్రం మనం ఇంటర్మీడియెట్‌లో చదివినదే.

చదువు, సోపానాలు

ఇక ఈ వృత్తిని కోరే విద్యార్థి ఏమి చదవాలి? మొదట ఒక నిజం చెప్పాలి. ఇది పట్టా పుచ్చుకొన్న మరునాడు లభించే ఉద్యోగం కాదు. అమెరికా కార్మిక శాఖవారి వృత్తి సమాచార గ్రంథం కూడా దీనికి పట్టాతో బాటు సాధారణంగా ఐదేళ్లు, అంతకు మించిన అనుభవం కావాలని చెబుతున్నది. కనుక దీనిని ఒక్క గంతు కాక మెట్లవరుసగా భావించాలి.

మొదటి మెట్టు చదువు. పదవ తరగతి తరువాత పాలీసెట్ వ్రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు; అటుపిమ్మట ఈసెట్ ద్వారా ఇంజినీరింగ్ రెండవ సంవత్సరంలో చేరవచ్చు. ఇంటర్మీడియెట్‌లో గణిత, భౌతిక శాస్త్రాలు చదివినవారు నేరుగా ఇంజినీరింగ్‌కు పోవచ్చు. మన కళాశాల వంటి చోట బి.ఎస్‌సి., బి.సి.ఏ. చదివినవారికి ఐసెట్ ద్వారా ఎం.సి.ఏ. త్రోవ ఉన్నది.

రెండవ మెట్టు స్వయంకృషి. ఐ.ఐ.టి. అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్ ద్వారా రుసుము లేకుండా వినవచ్చు. ప్యాకెట్ ట్రేసర్ అనే ఉచిత సాధనంతో పరికరాలు కొనకుండానే కంప్యూటరు తెరమీద నెట్‌వర్కును కట్టి, తెంపి, మరల కట్టి చూడవచ్చు. వైర్‌షార్క్ అనే మరొక ఉచిత సాధనం తీగలో పోయే పొట్లాలను విప్పి చూపుతుంది. రెండంకెల గణితంలో చిరునామాలను విభజించడం కాగితంపై చేత్తో చేయగలగాలి. లైనక్స్, పైథాన్ భాష, సమాచార భద్రత ప్రాథమికాంశాలు నేర్వాలి.

మూడవ మెట్టు ప్రమాణ పరీక్షలు. సిస్కో సంస్థవారి సీసీఎన్‌ఏ ప్రారంభ పరీక్ష, సీసీఎన్‌పీ దాని పైది, సీసీఐఈ మరింత కఠినమైనది; ఈ చివరిదానిలో 8 గంటల ప్రయోగ పరీక్ష ఉంటుంది. వీటి విలువ మూడేళ్లకొకసారి తీరిపోతుంది గనుక మరల నిరూపించుకోవలసి ఉంటుంది.

నాల్గవ మెట్టు అనుభవం. తీగలు బిగించడం, నిచ్చెనలెక్కడం, రాత్రి పాళీలలో తెరలముందు కూర్చుండి ఎక్కడ ఏది చెడిందో కనిపెట్టడం, ఫోనులో కోపగించినవారికి ఓర్పుతో జవాబు చెప్పడం. దీనిని చిన్నతనంగా భావించినవాడు ఎన్నటికీ ఆర్కిటెక్ట్ కాజాలడు. తీగ ఎందుకు తెగుతుందో చేతులతో ఎరుగనివాడు తెగని పటం గీయలేడు.

ఉద్యోగాలు ప్రైవేటు సంస్థలలోనే కాక బ్యాంకులలో, ఆసుపత్రులలో, రైలుపట్టాల వెంట గాజుతీగలు నడిపే రైల్‌టెల్‌లో, భారత్ సంచార్ నిగమ్‌లో, గ్రామపంచాయతీలకు అంతర్జాలమందించే భారత్‌నెట్ పథకంలో కూడా ఉన్నవి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో పెద్ద సమాచార కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ తీగలు ఒడ్డు చేరే ద్వారాన్ని నెలకొల్పుతామని ప్రకటించింది. టైడాకు సుమారు 75 కిలోమీటర్ల దూరంలోని నగరం అది.

భాషను గూర్చి ఒక మాట

"మాది ఉర్దూ మీడియం, మాది తెలుగు మీడియం, ఈ చదువు ఇంగ్లీషువారిది" అని మీలో కొందరు వెనుకాడటం నేనెరుగుదును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో శాస్త్రాలు, వైద్యం, ఇంజినీరింగ్ సైతం ఉర్దూలో బోధించారు. అందుకై ప్రత్యేకంగా అనువాద విభాగమే ఏర్పడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను తెలుగులో వెలువరించింది. 1998లో హైదరాబాదులో స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం సాంకేతిక విద్యను ఉర్దూలో అందిస్తున్నది. విషయం ఏ భాషలోనైనా తలకెక్కుతుంది.

అట్లని ఇంగ్లీషు అక్కరలేదని నేననను. ఈ వృత్తిలోని నియమగ్రంథాలు, పరికరాల వివరాలు ఆ భాషలోనే ఉన్నవి. భావాన్ని మాతృభాషలో గ్రహించండి. పేర్లను, వాడుకను ఇంగ్లీషులో నేర్వండి. తెలుగు అంతర్జాలంలోని 'జాలం', ఉర్దూలోని 'జాల్' ఒకే మూలానికి చెందిన మాటలు. రెండింటికీ వల అనే అర్థం. సంబంధాన్ని ఉర్దూలో 'రాబ్తా' అంటారు. వల, రాబ్తా: ఈ రెండు మాటలు చక్కగా తెలిసినవారికి ఈ శాస్త్రం సారం సగం తెలిసినట్లే.

కొన్ని హెచ్చరికలు

మూడు నెలలలో ఉద్యోగం ఖాయమంటూ వేలకు వేలు వసూలు చేసే శిక్షణ సంస్థలను గుడ్డిగా నమ్మవద్దు. జవాబులు కంఠస్థం చేసి పొందిన ప్రమాణపత్రం మొదటి రాత్రి పాళీలోనే బయటపడుతుంది. ఈ రంగం వేగంగా మారుతున్నది. ఒకప్పుడు చేత్తో చేసిన అమరికలు అనేకం నేడు ప్రోగ్రాములే చేస్తున్నవి. రేపు మరికొన్ని పోవచ్చు. ఆజ్ఞలు మాత్రమే నేర్చినవాడికి ఇది భయం. కారణాలు నేర్చినవాడికి కాదు. ఏ దారి ఎందుకు, తెగితే ఏమవుతుంది, ఎవరికి అందడం లేదు అనే ప్రశ్నలు వేయవలసినవాడు మాత్రం మనిషే.

ముగింపు

విద్యార్థులారా, ఒక చిన్న అభ్యాసం ఇచ్చి ముగిస్తాను. టైడా వంటి కొండ ఊరిలో ఒక ఆశ్రమ పాఠశాల ఉన్నదనుకోండి. 40 కంప్యూటర్లు. ఒక్కొక్కదానిలో పాఠం చూడటానికి సెకనుకు 2 మెగాబిట్లు కావాలనుకుంటే అన్నింటికీ 80. వచ్చే తీగ ఒకటే. వానకాలంలో విద్యుత్తు తరచు పోతుంది. పిడుగుల భయమున్నది. రాగితీగ పిడుగు శక్తిని లోపలికి తేగలదు; గాజు విద్యుత్తును ప్రసరింపదు. బ్యాటరీలు ఎన్ని గంటలకు సరిపోవాలి? రెండవ దారి ఏది? అది మొదటి దారి స్తంభాలమీదనే ఉన్నదా? రెండు దారులూ తెగిన నాడు ఏమి కావాలి?

చివరి ప్రశ్నకు ఒక జవాబు నాకు తోచింది. ఆ పాఠాల ప్రతిని బడిలోనే ఒక కంప్యూటరులో ముందుగా దాచి ఉంచాలి. అప్పుడు తీగ తెగినా పాఠం ఆగదు. వానకాలానికి ముందే బియ్యం, ఉప్పు ఇంట చేర్చుకొనే కొండవారి గృహిణికి ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. అందుచేతనే ఈ వృత్తికి నగరవాసుల కంటె కొండదారులు, వానలు, తెగిన వంతెనలు ఎరిగినవారు తక్కువవారు కారని నా నమ్మకం.

మిగిలిన ప్రశ్నలకు జవాబులు మీరు కాగితంపై గీసి తెచ్చి నాకు చూపండి. మన కళాశాల యాజమాన్య సంఘంవారికి కూడా ఒక మనవి. ప్రయోగశాలలో వాడక మూలపడిన పాత కంప్యూటర్లను, స్విచ్చులను అమ్మివేయక విద్యార్థుల చేతికివ్వండి. వారు వాటిని కలిపి, తెంపి నేర్చుకుంటారు. కళాశాలకు పెద్ద ఖర్చు లేని పని ఇది.

ఆనాడు టైడాలో నన్ను ప్రశ్నించిన విద్యార్థి ఎం.సి.ఏ. పూర్తిచేసి, ఇప్పుడు ఒక సంస్థలో రాత్రి పాళీలో తెరముందు కూర్చుంటున్నాడు. మెట్లలో అది క్రింది మెట్టే. మొన్న ఫోను చేసి, "సార్, ఇవాళ ఒక తీగ తెగింది; రెండో దారిన మళ్లించాము; ఎవరికీ తెలియనే లేదు" అన్నాడు. ఆ కంఠంలోని సంతోషం మీలో మరికొందరి కంఠాలలో వినాలని నా కోరిక. అతడు అడిగిన ప్రశ్నకు పూర్తి సమాధానం నావంటి తెలుగు మాస్టరు వ్యాసంలో దొరకదు. మీరు గీయబోయే పటాలలో దొరకాలి.